రాత్రి ఓడకు రెండు టికెట్లు

తిలక్ రోడ్డులో మిద్దె మీద మా ఆఫీసు.
కింద ఇడ్లీల ఆవిరి, పైన నేను, ఒక ఫ్యాను,
నేనెప్పుడూ పోని ఊళ్ల ఫోటోలు గోడ నిండా.

నిన్న మధ్యాహ్నం ఇద్దరు సిస్టర్లు వచ్చారు.
అక్కచెల్లెళ్లు కాదు, రుయాలో నర్సులు,
రిటైరై రెండేళ్లు.
రెడ్డెమ్మ సిస్టరుకు గొంతు పెద్దది,
ఖుర్షీద్ సిస్టరుకు చేతిసంచి పెద్దది.
అరియర్స్ వచ్చాయంట. గ్రీసు పోతారంట.
గ్రీసెందుకని నేనడగలేదు.
నీలం గుమ్మటాల క్యాలెండరొకటి
మేల్ వార్డు గోడకు ఐదేళ్లు వేలాడిందని,
నెలలన్నీ చినిగినా బొమ్మ అట్లే ఉండిపోయిందని
వాళ్లే చెప్పారు.

అంతా కుదిరింది. ఒక్కచోటే తెగలేదు,
క్రీట్ దీవి నుంచి రోడ్స్ దీవికి.
"పేరులో అన్ని రోడ్లు పెట్టుకుని
పోయేదానికి ఒక్క రోడ్డు లేదా అబ్బయ్యా?"
లేదమ్మా, నీళ్లే.
విమానమైతే గంట.
ఓడైతే సాయంత్రం ఎక్కి
మర్నాడు పొద్దెక్కినాక దిగాలి.
వారానికి రెండుసార్లే.
దారిలో చిన్న చిన్న దీవుల కాడ ఆగుతుంది,
రాత్రి రెండింటికి ఒకచోట, నాలుగింటికి ఇంకోచోట.

ఖుర్షీద్ సిస్టర్ విమానం వైపు.
"నాకు భాకరాపేట ఘాటే పడదు,
మూడో మలుపుకే కవరు తియ్యాల.
సముద్రమంటే అంతా మలుపే కదా."
రెడ్డెమ్మ సిస్టర్ నా లెక్కల కాగితం లాక్కుని
సామాను బరువు కాడ వేలు పెట్టింది.
"పదిహేను కిలోలా?
చింతొక్కు జాడీ యాడ పెడతావు మే, నెత్తినా?"
ఓడకు తూకం లేదని నేనే చెప్పాను.
చెప్పి ఉండకూడదేమో.

టీ చల్లారిపోయింది.
ఒకరి మాటను ఇంకొకరు సగంలోనే అందుకుంటున్నారు,
గడియారం చూస్తూ మాట్లాడేవాళ్ల తొందర.
తర్వాత తెలిసింది.
ఎన్నిసార్లు డ్యూటీలు మార్చినా
ఒకామెకు పగలు, ఇంకొకామెకు రాత్రి.
ముప్పై ఒక్క ఏళ్లలో
కలిసింది చార్జి అప్పగించే పది నిమిషాలే.
ఏడో బెడ్డుకు సెలైన్ మార్చు,
పన్నెండుకు జ్వరం దిగలా,
మా ఆయన మళ్లీ తాగతా ఉండాడు,
పాప పాసైంది,
ఇవిగో తాళాలు.

"ఆ రెండింటికి ఆగే దీవి పేరేంది?"
రెడ్డెమ్మ సిస్టర్ ఈసారి మెల్లగా అడిగింది.
కాసోస్, అన్నాను.
"రెండింటికి మెలకువ వస్తాది ఇప్పటికీ.
నీకు రాదా మే?"
ఖుర్షీద్ సిస్టర్ సంచి జిప్పు వేసింది, తీసింది.
"వస్తాది" అంది.
రేపు చెప్తామని లేచారు.

ఈరోజు సాయంత్రం దుమ్ము కొట్టుకొని వచ్చారు,
చేతిలో ఒక నిమ్మకాయ.
పొద్దున్నే మదనపల్లె బస్సెక్కి
ఘాటంతా పోయి వచ్చారంట, పరీక్షకని.
పోయేటప్పుడు ఖుర్షీద్ సిస్టరుకు
ఒక్క మలుపూ తెలియలేదంట.
"ఈమె నోరు మూస్తే కదా, తెలిసేదానికి."
వచ్చేటప్పుడు మాత్రం కక్కింది రెడ్డెమ్మ సిస్టరు.
"నేను! ఇన్నేళ్లూ అందరి కక్కులూ ఎత్తిన దాన్ని!"
"కవరు పట్టింది నేను,
కేస్ షీటుంటే ఎంత, ఏ రంగు, అన్నీ రాసిపెడుదును."
నవ్వీ నవ్వీ ఇద్దరికీ దగ్గొచ్చింది.

నా ధర్మం కాబట్టి చెప్పాను.
ఎండాకాలం అక్కడ పెద్దగాలి,
ఒక్కోరోజు ఓడ కదలదు, రేవులోనే ఉండిపోవాలి.
"ఉండిపోతే?" అంది ఖుర్షీద్ సిస్టరు,
నా పెన్ను తీసుకుంటూ.
క్యాబిన్ అక్కర్లేదంది,
పడుకునేదానికి కాదంట పోయేది.
పైన డెక్కు మీద రెండు కుర్చీలు చాలంట,
పక్కపక్కన.

వాళ్లు పోయినాక చూశాను,
టేబుల్ మీదే నిమ్మకాయ,
ఒకవైపంతా గోటి గుర్తులు.
ఎవరివో.

తర్వాత ఒకాయన వచ్చి షిర్డీకి అడిగాడు.
రైలా, విమానమా అన్నాను.
ఎవరితో పోతున్నారని కూడా
అడిగాను.